మా దగ్గర బాగానే తెరుచుకుంటోంది

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కర్నూల్లో మా ఇంటికి వచ్చినప్పుడు, "సార్, చివర్లో మీరు చూసిన పని ఏంది?" అని అడుగుతుంటారు. వెబ్‌సైట్ నడుస్తోందో లేదో చూసే పని అని చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదీ ఒక పనేనా అని వాళ్ళ అనుమానం. మొదట్లో నాకూ అదే అనుమానం ఉండేది. తలుపు తీసి ఉందో వేసి ఉందో చూడడానికి ఒక మనిషి, ఆ మనిషికొక కుర్చీ, ఆ కుర్చీకొక ఫ్యానా అనుకునేవాణ్ణి. అంత చిన్న పనిని నేను ఎంత ఘనంగా చెడగొట్టానో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు. చదివి నవ్వుకోండి. నవ్వడం అయ్యాక మీ మీ కుర్చీలు కూడా ఒకసారి చూసుకోండి.

అప్పుడు కడపలో పనిచేసేవాణ్ణి. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఇంటర్ పాసైన ఆడపిల్లలకు హాస్టల్లో ఉంచి నర్సింగ్ శిక్షణ ఇప్పించే ఆఫీసు మాది. దరఖాస్తులన్నీ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి, కాగితం తీసుకోం. ఏడాదికి ఒకసారి, మూడంటే మూడే రోజులు గడువు. ఆ సైటును నడిపే మెషీన్ మా మేడ మీది గదిలోనే, ఏసీ కింద, మా అందరికంటే సుఖంగా ఉండేది. కడప ఎండల్లో ఏదో ఒక పని చెప్పుకుని ఆ గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడి రాని ఉద్యోగి మా ఆఫీసులో లేడు.

నా పని ఇది. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి సైటు తెరిచి చూడాలి. ఒక పొడుగాటి రిజిస్టర్లో ఆ గంటకు ఎదురుగా "పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టాలి. నిజానికి ఆ మాట పొద్దున ఒక్కసారే రాసేవాణ్ణి. కింది గడులన్నిట్లో రెండేసి చిన్న గీతలు, పైన ఉన్నదే ఇదీ అని. డిటోలన్న మాట. నా రిజిస్టర్ తెరిస్తే పేజీ నిండా డిటోలు వరిమడిలో నాట్లలాగా తీరుగా ఉండేవి. అయితే ఒకటి చెప్పుకోవాలి. చూడకుండా ఏనాడూ గీత పెట్టలేదు. సెలవు పెట్టిన రోజు తప్ప ఒక్క గడి ఖాళీ వదల్లేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది, అదే నా కొంప ముంచింది.

దీనికి వెనక ఒక చిన్న కథ ఉంది. రెండేళ్ళ ముందు తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారిని మా ఆఫీసు హెడ్ మేడమ్ నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సైటు చూపించబోయారు. పేరు కొట్టాం. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది, తిరుగుతూనే ఉంది. ఆయన వాచీ చూసుకున్నారు. మేడమ్ నన్ను చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశాను. అర నిమిషానికి పేజీ వచ్చింది గాని అప్పటికే నా పరువు పోయింది.

మరుసటి రోజే ఒక ఉపాయం చేశాను. సైటు పేరు కొట్టగానే కంప్యూటర్ ముందుగా బయట ఒక చోట విచారిస్తుంది, ఈ పేరు గలది ఏ అడ్రసులో ఉంది అని. వాళ్ళు చెప్పాకే అక్కడికి వెళ్తుంది. ఆ విచారించడమే లేకుండా అడ్రసును నేను నా కంప్యూటర్లోనే ఒక వరుసలో రాసిపెట్టేశాను. అప్పట్నుంచి పేరు కొట్టడం ఆలస్యం, పేజీ టక్కున వచ్చేది. మేడమ్ కూడా మెచ్చుకున్నారు.

నేను చెప్పే ఏడాది, దరఖాస్తులకు వారం ముందు పాత మెషీన్ తీసేసి కొత్తది పెట్టారు. దాంతో అడ్రసు మారింది. మన సంగతి మనం చూసుకోవాలి గదా, ముందు నా కంప్యూటర్లో రాసుకున్నది మార్చుకున్నాను. బయట దారి చెప్పేవి రెండు చోట్లున్నాయి. ఒకచోట నేనే మార్చాను. రెండోది పై ఆఫీసువాళ్ళ చేతిలో ఉంది, మార్చమని ఉత్తరం పంపాను. రెండు రోజుల తర్వాత, వాళ్ళు మార్చారో లేదో తేల్చుకుందామని నా కంప్యూటర్లో పేరు కొట్టి చూశాను. టక్కున వచ్చింది. మార్చేశారనుకున్నాను. ఇల్లు మారినవాడు, తను చక్కగా కొత్తింటికి చేరుకున్నాడు కాబట్టి చుట్టాలందరికీ అడ్రసు తెలిసిపోయిందనుకున్నట్టు ఉంది నా తెలివి. నా కంప్యూటర్ ఎవరినీ దారి అడగదన్న సంగతి నాకు తట్టనే లేదు.

పై ఆఫీసువాళ్ళు మార్చలేదు.

మొదటి రోజు పదిన్నరకే ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ల దగ్గర కూర్చునేది మా సీనియర్ అసిస్టెంటు. నాకంటే రెండేళ్ళు చిన్న, కడపలోనే పుట్టి పెరిగినవాడు. ఎవరు ఫోన్ చేసినా "చెప్పప్పా" అని మొదలుపెట్టి, ఫోన్ పెట్టేసేలోపు వాళ్ళ ఊరు, ఇంటి సంగతులు అన్నీ రాబట్టే రకం. అతను రెండు మూడు సార్లు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, సైటు రాలేదంటాండారు. ఒకసారి చూడు."

చూశాను. వచ్చింది. చూపించాను.

"ఈడ వస్తాండాది గాని, వాళ్ళకు యాడ్నో తట్టుకుంటాండాదేమో అన్నా."

"వాళ్ళ ఫోన్లు అట్లాంటివి. సిగ్నల్ లేని చోట నిలబడి మన సైటును అంటే ఎట్ల?" అన్నాను. ఆ గంటకు డిటో పెట్టాను.

పూర్తిగా ఎవరికీ రాకపోయి ఉంటే ఆ రోజే బయటపడేది. కానీ కొందరి ఫోన్లు సరైన చోట విచారించి తిన్నగా వచ్చేవి, దరఖాస్తులు పెట్టేవి. మిగతావాళ్ళవి రెండో చోట విచారించి, తీసేసిన పాత మెషీన్ అడ్రసుకు పోయి, తలుపు కొట్టి కొట్టి ఊరుకునేవి. కాబట్టి దరఖాస్తులు వస్తూనే ఉన్నాయి, తక్కువగా. "ఈ ఏడు ఇంత తక్కువేంటి?" అని మేడమ్ అడిగారు. "నర్సింగ్ మీద పిల్లలకు ఆసక్తి తగ్గింది మేడమ్" అని నేను గంభీరంగా చెప్పాను. అట్లా చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, గొంతు మాత్రం ఉంది.

ఆ ఫోన్లలో ఒకామె మూడు రోజులూ చేసింది. మంగంపేట నుంచి. ముగ్గురాళ్ళ గనుల దగ్గర రాళ్ళు ఏరే పని చేస్తుందట, కూతురు ఇంటర్లో మంచి మార్కులతో పాసైందట. ఇదంతా మా సీనియర్ అసిస్టెంటు రాబట్టిన సమాచారం. మూడో రోజు మధ్యాహ్నం ఆమె మళ్ళీ చేసినప్పుడు, అతను విసుగు లేకుండా అదే జవాబు చెబుతుంటే నాకు చిరాకేసి ఫోన్ లాక్కున్నాను.

"అమ్మా, నేను ఇప్పుడే నా కండ్లతో చూసినా. సైటు బాగా నడుస్తాండాది. తప్పు మీ నెట్ సెంటర్‌లో ఉండాది. ఆయన్ను అడుగు పో."

"మీరు చూసినారంటే సరే సార్" అని ఆమె పెట్టేసింది. సాయంత్రం ఐదుకు గడువు ముగిసింది. చివరి గడిలో డిటో కొట్టి, కింద గీత గీసి, ఈ ఏడాదికి గండం గడిచిందనుకుని ఇంటికి పోయాను.

మరుసటి రోజు పది కాకముందే ఆమె వచ్చింది. పక్కన కూతురు, గుండెలకు ఆనించుకున్న ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు. తెల్లవారక ముందే బయల్దేరి బస్సులు మారి వచ్చారట. ఆమె చేతుల గీతల్లో కడిగినా పోని తెల్లని దుమ్ము ఉంది. మా సీనియర్ అసిస్టెంటు గొంతునుబట్టే గుర్తుపట్టి, "మంగంపేట నుంచి మాట్లాడినావు గదమ్మా" అని కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నిన్న మీరేనా సార్ మాట్లాడింది?" అని నన్ను అడిగింది.

"అవును. అమ్మా, గడువు అయిపోయింది. మా చేతుల్లో ఏమీ లేదు" అని, నమ్మకం కలగడానికి నా కంప్యూటర్లో సైటు తెరిచి ఆమె వైపు తిప్పాను. పేజీ టక్కున వచ్చింది. దాని మీద ఎర్రక్షరాలతో "గడువు ముగిసింది" అని ఉంది.

ఆమె దాన్ని చూసింది. కూతురు చేతిలోని ఫోన్ తీసుకుని, అదే పేరు కొట్టించి, నా తెర పక్కన పెట్టింది. ఫోన్‌లో చక్రం తిరుగుతోంది.

"మీ దాంట్లో గడువు అయిపోయిందని వస్తాండాది సార్. నా దాంట్లో అది కూడా రాలా."

నేను రెండు తెరలనూ మార్చి మార్చి చూశాను. ఆమె ఊరుకోలేదు, నెమ్మదిగానే అంది. "మీరు చూసినానంటిరి. మీ మాట పట్టుకొని నెట్ సెంటరాయప్పను నోటికొచ్చినట్ల తిడితిని. ఆడ్నుంచి కోడూరు పోయి ఇంకో సెంటర్లో కూసుంటిమి. ఆడా రాలా. మా సంఘంలో అందరం కూడి ప్రార్థన కూడా చేసినాం సార్, సైటు తెరుసుకోవాలని."

వాళ్ళ చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని నా సైటు కోసం ప్రార్థిస్తున్న సమయానికి నేనిక్కడ డిటో కొడుతున్నాను. సిగ్గంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

మా సీనియర్ అసిస్టెంటు తన ఫోన్ తీసి చూశాడు. వచ్చింది. పక్క సీటు గుమాస్తాది చూశాం. రాలేదు. అప్పుడు తట్టింది నాకు, రెండేళ్ళ కిందట నా కంప్యూటర్లో రాసిపెట్టిన ఆ ఒక్క వరుస. దాన్ని వెతికి, చెరిపేసి, మళ్ళీ పేరు కొట్టాను. నా తెర మీద కూడా చక్రం తిరగడం మొదలైంది. నలుగురం నిలబడి చూస్తున్నాం. అది తిరుగుతూనే ఉంది.

పై ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలాయన, "అవునండీ, మీ ఉత్తరం ఉంది, చూస్తాం" అన్నాడు. నా అరుపుకు వెంటనే చూశాడు. మార్చడానికి పట్టింది పది నిమిషాలు.

తర్వాత మేడమ్ గదిలోకి వెళ్ళాను. జరిగినదంతా చెప్పాను. ఆమె రిజిస్టర్ తెప్పించుకుని మూడు రోజుల పేజీలు తిప్పారు.

"ఇందులో పనిచేస్తోందనే ఉంది కదండీ."

"రిజిస్టర్ తప్పు మేడమ్."

ఆమె మంచి మనిషి. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. "మీకింక ఎనిమిది నెలలే ఉంది. కొన్ని ఫోన్ కంపెనీల నెట్‌వర్క్‌లో సమస్య వచ్చిందని రాద్దాం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకోవాలంటే సంతకం పెట్టిన చేత్తోనే ఆ సంతకం అబద్ధమని రాయాలి. సర్వీసంతా ఒక్క మెమో కూడా లేనివాణ్ణి. సన్మాన సభలో మేడమ్ ఏం మాట్లాడతారో కూడా మనసులో ఊహించుకుని పెట్టుకున్నాను. సరేనండీ అనబోయి, ఎందుకో ఒక మాట అడిగాను.

"అట్ల రాస్తే గడువు పొడిగిస్తారా మేడమ్?"

"పొడిగించరు. తప్పు మనది కాదంటున్నాం కదా, మనమెందుకు పొడిగిస్తాం?"

అంతే, లెక్క తేలిపోయింది. నా తప్పు కాకపోతే ఆ పిల్లకు అవకాశం లేదు. ఆ పిల్లకు అవకాశం రావాలంటే తప్పు నాదే కావాలి. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని ఆలోచిస్తానని చెప్పి బయటికొచ్చాను. నిజం చెబుతున్నాను, నేనేం సత్యసంధుణ్ణి కాదు. మధ్య దారి కోసం గంటన్నర వెతికాను.

వరండాలో తల్లీ కూతుళ్ళు తెచ్చుకున్న సద్ది తింటున్నారు. నన్ను చూసి ఆ పిల్ల లేచి నిలబడింది. ఫోన్ చూపించింది. పేజీ ఇప్పుడు చక్కగా వచ్చింది.

తల్లి అంది, "ఇప్పుడు నాకు కూడా గడువు అయిపోయిందని వస్తాండాది సార్."

ఎగతాళి కాదు. ఉన్న మాట చెప్పింది. ఆ పిల్ల మాత్రం, "ఇంగ ఇయ్యరా సార్, గడువు?" అని అడిగింది. వచ్చినప్పట్నుంచి ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదలు.

లోపలికి పోయి రిజిస్టర్ తీశాను. చివరి డిటో కింద రాశాను: "పై మూడు రోజులూ సైటు బయట చాలామందికి పనిచేయలేదు. నేను చూసిన పద్ధతి తప్పు. బాధ్యత నాది." సంతకం పెట్టాను. నా డిటోలంత అందంగా రాలేదు ఆ సంతకం. మా సీనియర్ అసిస్టెంటు వెనక నిలబడి చదివి, "ఫోన్లు తీసింది నేను గదన్నా, నా పేరు కూడా రాయి" అన్నాడు. నువ్వు మొదటి రోజే చెప్పినావు, వినంది నేను అన్నాను. అతను వాళ్ళిద్దరికీ టీ చెప్పడానికి వెళ్ళాడు.

రిజిస్టర్ నకలు జతచేసి మేడమ్ పైకి రాశారు. మూడో నాటికి రెండు రోజుల గడువు పొడిగిస్తూ ఆర్డరు వచ్చింది. అదే టపాలో నాకు మెమో కూడా వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను. మా ఆఫీసులో కొందరు నన్ను చూసి పెద్ద హరిశ్చంద్రుడు బయల్దేరాడన్నారు. సన్మాన సభలో మేడమ్ క్లుప్తంగా మాట్లాడారు. బాధపడలేదని చెబితే అబద్ధం, పడ్డాను.

పొడిగించిన మొదటి రోజు పదీ అయిదుకు ఫోన్ మోగింది. నన్నే పిలవమన్నదట.

"సార్, మా ఊర్లో తెరుసుకునింది. మా పాపది అయిపోయింది. నంబరు కూడా వచ్చింది." కొంచెం ఆగి, "రాసుకోండి సార్" అంది.

రాసుకున్నాను. రిజిస్టర్లో "ఎక్కడి నుంచి" అని కొత్తగా ఒక గడి గీసి, అందులో మంగంపేట అని రాశాను. ఆ రోజు నుంచి డిటోలు మానేశాను. ఆఫీసు తరఫున ఒక చవక ఫోన్, ఆమె వాడే కంపెనీ సిమ్మే వేయించి, సొరుగులో పెట్టాను. గంటకోసారి దాన్ని పట్టుకుని గేటు బయట టీ అంగడి దాకా పోయి చూసి వచ్చేవాణ్ణి. టీ అంగడామె నన్ను చూడగానే "ఏమప్పా, తెరుసుకునిందా?" అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు. నాకు నడక కూడా అయ్యేది.

ఆ పాపకు రెండో జాబితాలో సీటొచ్చింది. ఇప్పుడు నర్సు. ఎక్కడో చెప్పను, నా బీపీ అక్కడే చూపించుకుంటానని మాత్రం చెబుతాను. కూతురి పని అయిపోయినా తల్లి మాత్రం ఊరుకోలేదు. ప్రతి ఏడూ దరఖాస్తులు మొదలైన పొద్దున ఊళ్ళో ఎవరో ఒక పిల్లను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు పోతుంది. తాను తిట్టిన ఆ నెట్ సెంటరాయన దగ్గరికే. అక్కడ్నుంచి నాకు ఫోన్ చేస్తుంది. నేను రిటైరయ్యానమ్మా అని చెప్పాను. "అయితే ఏమి సార్, ఎవురో ఒకరు రాసుకోవల్ల గదా" అంది.

ఈ ఏడు కూడా చేసింది. కర్నూల్లో పేపరు చదువుకుంటున్నాను.

"సార్, ఈడ తెరుసుకోలా."

పేపరు పక్కన పడేశాను. కడపకు ఫోన్ కలిపాను. నా సీటులో ఇప్పుడు ఉన్నతను చురుకైనవాడు, మర్యాదస్తుడు.

"ఇప్పుడే చూసినా సార్. మా దగ్గర బాగానే తెరుసుకుంటాండాది" అన్నాడు.

నా గొంతే నాకు వినిపించింది.

"సొరుగులో చిన్న ఫోన్ ఉంటుంది నాయనా. అది తీసుకుని గేటు బయటికి పో. నేను లైన్లోనే ఉంటా."

సొరుగు లాగిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించాయి. మెట్లు, ఆ తర్వాత రోడ్డు, ఒక ఆటో హారన్.

"రాలా సార్" అన్నాడు, మెల్లగా.

"సరే," అన్నాను, "లోపలికి పోయి ముందు అదే రాయి."